జీతాల ఫైలు, తెలియని సర్వరు: ఒక ఎస్ఎఫ్‌టీపీ స్క్రిప్ట్ కేస్ స్టడీ

2024 ఆగస్టు 7, బుధవారం మధ్యాహ్నం గుంటూరు దగ్గర ఉన్న ఒక స్పిన్నింగ్ మిల్లు నుంచి ఫోన్ వచ్చింది. అక్కడ అకౌంట్స్ చూసే పెద్దాయన. "బాబూ, జీతాల ఫైలు రెండు రోజుల నుంచి వెళ్లట్లేదు, నిన్న పాస్‌వర్డ్ కూడా మార్పించాం, అయినా అదే మాట, ఇవాళ ఏడో తారీకు" అన్నారు. గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. ఆ మిల్లులో 412 మంది పనిచేస్తారు. ఇంటద్దె, చీటీ, కిరాణా కొట్టు ఖాతా అన్నీ ఏడో తారీకు మీదే ఆధారపడి ఉంటాయి.

ముందు ఏర్పాటు ఏంటో చెప్తాను. మిల్లు ఆఫీసులో పాత ఉబుంటు 18.04 నడిచే ఒక కంప్యూటర్ ఉంది. హెచ్ఆర్ సాఫ్ట్‌వేర్ ప్రతి నెలా 5న సాయంత్రం ఒక ఫైలు తీస్తుంది, అందులో ఒక్కో మనిషికి ఒక్కో లైను: పేరు, బ్యాంకు ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడ్, ఇవ్వాల్సిన మొత్తం. రాత్రి 8కి క్రాన్ (చెప్పిన టైమ్‌కి పనులు మొదలుపెట్టే టూల్) ఒక షెల్ స్క్రిప్ట్‌ని, అంటే వరసగా నడిచే కమాండ్ల ఫైలుని, లేపుతుంది, అది ఆ ఫైలుని జీతాల లెక్కలు చూసే ఒక బయటి కంపెనీ (పేరోల్ కంపెనీ) ఎస్ఎఫ్‌టీపీ సర్వర్‌లో, అంటే ఎస్ఎస్‌హెచ్ అనే ఎన్‌క్రిప్టెడ్ కనెక్షన్ మీద ఫైళ్లు అందుకునే సర్వర్‌లో, పెడుతుంది, అక్కడి నుంచి బ్యాంకుకు వెళ్తుంది. వెళ్లకపోతే 11:30 దాకా అరగంటకోసారి మళ్లీ ప్రయత్నిస్తుంది. ఏళ్ల తరబడి ఏ గొడవా లేకుండా నడిచింది కాబట్టి దాని జోలికి ఎవరూ వెళ్లలేదు.

లాగ్‌లో ఉన్నది ఒక్కటే మాట, పర్మిషన్ డినైడ్. అది చూస్తే ఎవరికైనా పాస్‌వర్డ్ తప్పనే అనిపిస్తుంది. వాళ్లూ అదే అనుకుని 6న మధ్యాహ్నం ఆ కంపెనీ పోర్టల్‌లోకి వెళ్లి కొత్త పాస్‌వర్డ్ పెట్టించారు, దాన్ని స్క్రిప్ట్‌లో రాశారు, మళ్లీ నడిపారు. మళ్లీ పర్మిషన్ డినైడ్. చేత్తో ఓ ఏడుసార్లు నడిపారు, రాత్రికి క్రాన్ ఇంకో ఎనిమిదిసార్లు నడిపింది.

నేను వెళ్లగానే అడిగింది, క్రాన్ ఆపమని. ఎందుకు పని చేయట్లేదో తెలియనప్పుడు మళ్లీ మళ్లీ నడపడం మంచిది కాదు. ఆ తర్వాత పాస్‌వర్డ్ ఇవ్వకుండా, వివరాలన్నీ చూపించే వెర్బోస్ ఆప్షన్‌తో ఎస్ఎస్‌హెచ్‌ని ఒక్కసారి నడిపి, ఏ అడ్రస్‌కి కనెక్ట్ అవుతోందో చూశాను. అదే సర్వర్ పేరుని డిగ్ కమాండ్‌తో డీఎన్ఎస్‌ని (సర్వర్ పేరు చెప్తే దాని ఐపీ, అంటే నెట్‌వర్క్‌లో దాని నంబరు అడ్రస్, చెప్పే వ్యవస్థ) అడిగాను. రెండు ఐపీలూ వేరు.

డిగ్ నేరుగా డీఎన్ఎస్‌నే అడుగుతుంది, మన మెషీన్‌లోనే పేర్లకి ఐపీలు రాసిపెట్టుకునే హోస్ట్స్ ఫైలుని చూడదు. ఎస్ఎస్‌హెచ్ మాత్రం చూస్తుంది. ఆ ఫైలు తెరిస్తే అడుగున ఒక లైను, పేరోల్ కంపెనీ సర్వర్ పేరు, పక్కన ఒక ఐపీ, పైన కామెంటు: డీఎన్ఎస్ ప్రాబ్లమ్, టెంపరరీ. 2021 మార్చి తేదీ. ఎప్పుడో ఇంటర్నెట్ సరిగా లేని రోజున ఎవరో పెట్టి ఉంటారు, తీయడం మర్చిపోయారు. ఈలోగా పేరోల్ కంపెనీ జులై ఆఖర్లో తన సర్వర్‌ని వేరే క్లౌడ్‌కి మార్చుకుంది. ఆ సంగతి మెయిల్ చేసింది కూడా, కానీ ఆ మెయిల్ వెళ్లింది మిల్లులో ఉద్యోగం మానేసిన మనిషి అడ్రస్‌కి. పాత ఐపీని వాళ్లు వదిలేశారు, క్లౌడ్‌లో వదిలేసిన ఐపీ ఊరికే పడి ఉండదు, ఇంకొకరికి వెళ్తుంది. ఆ ఇంకొకరి మెషీన్‌లో కూడా 22వ పోర్టులో (ఎస్ఎస్‌హెచ్ మామూలుగా వాడే తలుపు నంబరు) ఎస్ఎస్‌హెచ్ వింటోంది.

అంటే రెండు రోజులుగా మిల్లు స్క్రిప్ట్ ముక్కూ మొహం తెలియని ఒక మెషీన్ తలుపు కొట్టి, యూజర్ పేరూ పాస్‌వర్డూ చెప్పి, లోపలికి రానివ్వమని అడుగుతోంది. లాగ్ లెక్కపెట్టాను, మొత్తం 27 ప్రయత్నాలు. 12 పాత పాస్‌వర్డ్‌తో, 15 కొత్తదానితో. దొంగ అని తెలియకుండానే తాళంచెవి అతని చేతికిచ్చి, తాళం తెరుచుకోలేదని కొత్త తాళం వేయించి, ఆ చెవి కూడా తెచ్చి అదే చేతిలో పెట్టినట్టయింది.

అవతలి మనిషి నిజంగా దొంగో కాదో నాకు తెలియదు. మామూలు ఎస్ఎస్‌హెచ్ సర్వర్ తనకి వచ్చిన పాస్‌వర్డ్‌ని లాగ్‌లో రాయదు. కానీ సర్వర్ నడిపే మనిషి తలచుకుంటే ప్రతి పాస్‌వర్డ్‌నీ దాచుకోవచ్చు, దానికి పెద్ద విద్య అక్కర్లేదు, పాస్‌వర్డ్ పద్ధతిలో అది ఎస్ఎస్‌హెచ్ కట్టిన ఎన్‌క్రిప్టెడ్ సొరంగం లోపల మామూలు అక్షరాలుగానే అవతలి వైపుకి చేరుతుంది. దారిలో ఎవరూ చూడలేరు, నిజమే. దారి చివర ఉన్నవాడు మాత్రం చూస్తాడు. ఎన్‌క్రిప్షన్ ఉంది కదా అని ధీమాగా ఉండేవాళ్లు ఎక్కువగా మర్చిపోయేది ఇదే. సొరంగం ఎంత గట్టిదైనా అది ఎవరి ఇంట్లోకి తేలుతోందో చూసుకోకపోతే ఏం లాభం.

ఫైలు మాత్రం వెళ్లలేదు, ఎందుకంటే లాగిన్ అవ్వలేదు. అది అదృష్టం తప్ప జాగ్రత్త కాదు. ఆ మెషీన్ ఏ పాస్‌వర్డ్ ఇచ్చినా రమ్మనేలా పెట్టి ఉంటే, 412 మంది ఖాతా వివరాలు తీసుకుని, అందాయి అని చెప్పి, తలుపు మూసేసేది. మనవైపు లాగ్‌లో సక్సెస్ అని పడేది.

ఎవరు చూడాల్సింది, ఎందుకు చూడలేదు

ఎస్ఎస్‌హెచ్‌లో దీనికి మందు మొదటి నుంచీ ఉంది. 1995లో ఫిన్లాండ్‌లో టటు ఇలోనెన్ ఎస్ఎస్‌హెచ్ రాసిందే తన యూనివర్సిటీ నెట్‌వర్క్‌లో ఎవరో పాస్‌వర్డ్‌లు కాజేశాక. ప్రతి సర్వర్‌కీ ఒక హోస్ట్ కీ ఉంటుంది, అదే దాని గుర్తింపు. మొదటిసారి కనెక్ట్ అయినప్పుడు దాని ఫింగర్‌ప్రింట్ (ఆ కీకి పొట్టి రూపం) చూపించి, ఈ సర్వర్‌ని నమ్మమంటారా అని అడుగుతుంది, అవునంటే నోన్ హోస్ట్స్ అనే ఫైలులో రాసుకుంటుంది, తర్వాతి నుంచి అదే కీ కనిపిస్తేనే ముందుకు వెళ్తుంది. మరి మన స్క్రిప్ట్ ఎందుకు ఆగలేదు? దీనికి జవాబు ఆ స్క్రిప్ట్ ఉన్న ఫోల్డర్‌లోనే దొరికింది, పాత కాపీలన్నీ పేరు చివర ఓల్డ్, ఓల్డ్2 అని పెట్టుకుని అక్కడే ఉన్నాయి. వాటిని వరసగా చదివితే ఒక్కో రక్షణా ఎలా ఊడిపోయిందో కళ్లకు కడుతుంది.

అన్నిటికన్నా పాతది మామూలు ఎఫ్‌టీపీ. యూజర్ పేరు, పాస్‌వర్డ్, ఫైలు అన్నీ బహిరంగంగా వెళ్లే పద్ధతి. ఎఫ్‌టీపీ మొదటి రూపాన్ని 1971లో రాసింది మన దేశం నుంచి వెళ్లిన అభయ్ భూషణ్, ఆర్ఎఫ్‌సీ 114 అనే నెట్‌వర్క్ ప్రమాణాల పత్రంలో. ఆ రోజుల్లో నెట్‌వర్క్ అంటే కొన్ని యూనివర్సిటీలు, పరిశోధన సంస్థలు, ఒకరికొకరు తెలిసినవాళ్లు. ఆయన్ని తప్పు పట్టే పని లేదు, యాభై ఏళ్ల తర్వాత కూడా జీతాల ఫైలు దాని మీద పంపిన మనల్నే అడగాలి.

రెండో కాపీలో ఎస్ఎఫ్‌టీపీ వచ్చింది, దాంతో పాటు పాస్‌వర్డ్‌ని మనిషికి బదులు టైప్ చేసే ఎస్ఎస్‌హెచ్‌పాస్ అనే చిన్న టూల్ వచ్చింది. ఈ టూల్‌కి ఒక మంచి గుణం ఉంది, సర్వర్ హోస్ట్ కీ తెలియనిదైతే అది అవును అని కొట్టదు, 6 అనే ఎర్రర్ కోడ్‌తో ఆగిపోతుంది. రాసినతను దాన్ని అడ్డంకి అనుకున్నాడు. మూడో కాపీలో స్ట్రిక్ట్ హోస్ట్ కీ చెకింగ్ అనే ఆప్షన్‌కి నో అని పెట్టాడు. ఇప్పుడు తెలియని సర్వర్ కనిపిస్తే అడగకుండా రాసుకుని ముందుకు పోతుంది.

ఇక్కడ ఓపెన్ఎస్ఎస్‌హెచ్ (లినక్స్‌లో మామూలుగా ఉండే ఎస్ఎస్‌హెచ్ ప్రోగ్రామ్) ఇంకా ఒక కంచె ఉంచింది, ఇది చాలామందికి తెలియదు. ఆ ఆప్షన్ నో అని ఉన్నా సరే, ముందు రాసుకున్న కీ మారిపోయి కనిపిస్తే పెద్ద హెచ్చరిక ఇచ్చి పాస్‌వర్డ్ పద్ధతిని ఆపేస్తుంది, కావాలంటే కనెక్ట్ అవ్వు కానీ పాస్‌వర్డ్ మాత్రం ఇవ్వనివ్వను అంటుంది. పేరోల్ కంపెనీ ఏదో ఒక సంవత్సరం సర్వర్‌ని కొత్తగా కట్టుకున్నట్టుంది, అప్పుడు ఇదే జరిగి స్క్రిప్ట్ ఆగి ఉంటుంది. నాలుగో కాపీలో దానికీ మందు వేశారు. యూజర్ నోన్ హోస్ట్స్ ఫైల్ ఎక్కడుందంటే డెవ్ నల్ (ఏం రాసినా మాయమయ్యే చోటు) అని చూపించారు. అంటే రాసుకున్న పుస్తకాన్నే ఎప్పటికప్పుడు నీళ్లలో వేయడం. పుస్తకం ఖాళీ కాబట్టి ప్రతి సర్వరూ కొత్త సర్వరే, కొత్తది కాబట్టి కీ మారడం అనేదే ఉండదు, మారలేదు కాబట్టి పాస్‌వర్డ్ ఇవ్వడానికి అడ్డు లేదు. ఆగస్టు 5న ఆ ఆఖరి కంచె ఉండి ఉంటే 27 సార్లలో ఒక్కసారి కూడా పాస్‌వర్డ్ బయటకి పోయేది కాదు.

ఆ రెండు ఆప్షన్లూ జంటగా నెట్‌లో ప్రతిచోటా దొరుకుతాయి, ఎర్రర్ మెసేజ్ వెతికితే మొదట వచ్చే జవాబు అదే. రాసినతన్ని నేను తిట్టుకోలేదు. ప్రతిసారీ అతని ముందున్నది ఆగిపోయిన జీతాల ఫైలు, చేతిలో ఉన్నది పనిచేసే ఒక లైను. కానీ ఆ లైను ఏం పీకేస్తోందో చెప్పేవాళ్లు ఒకరైనా ఉండాల్సింది. షెల్ స్క్రిప్ట్ మాత్రమే కాదు, ఈ జబ్బు అన్నిచోట్లా ఉంది. పైథాన్‌లో పారామికో లైబ్రరీ తనంతట తాను తెలియని కీని ఒప్పుకోదు, కానీ దొరికే ప్రతి నమూనాలోనూ ఆటో యాడ్ పాలసీ అనే లైను ఉంటుంది, దాంతో ఆ రక్షణ పోతుంది. విన్ఎస్‌సీపీ స్క్రిప్ట్‌లో హోస్ట్ కీ దగ్గర ఏదైనా సరే అనే నక్షత్రం గుర్తు పెట్టేవాళ్లని చాలామందిని చూశాను. డాట్‌నెట్‌లో ఎస్ఎస్‌హెచ్ డాట్ నెట్ లైబ్రరీ అయితే హోస్ట్ కీ వచ్చినప్పుడు మీరే ఒక ఫంక్షన్ రాసి చూసుకోకపోతే ఏ కీనైనా ఒప్పేసుకుంటుంది. మీ దగ్గర ఇలాంటి స్క్రిప్ట్ ఉంటే ఇప్పుడే తెరిచి ఈ ఒక్కటి చూడండి, మిగతావన్నీ తర్వాత.

ఆ సాయంత్రం

జీతాలు ముందు. పేరోల్ కంపెనీ వెబ్ పోర్టల్‌లో చేత్తో ఫైలు పెట్టే దారి ఉంది, పెద్దాయన తన కంప్యూటర్ నుంచి, బ్రౌజర్‌లో అడ్రస్ సరిచూసుకుని పెట్టారు, సాయంత్రం ఆరులోపు బ్యాంకుకు వెళ్లింది. అదే పోర్టల్‌లో ఎస్ఎఫ్‌టీపీ పాస్‌వర్డ్‌ని మళ్లీ మార్చాం, ఈసారి స్క్రిప్ట్‌లో రాయలేదు.

తర్వాత అసలు భయం. పోయిన పాస్‌వర్డ్‌తో నిజమైన సర్వర్‌లోకి ఎవరైనా వచ్చారా? ఎందుకంటే ఆ సర్వర్‌లో మిల్లు ఫోల్డర్ తెరిస్తే పాత నెలల ఫైళ్లన్నీ అక్కడే ఉన్నాయి, ఎవరూ తీయలేదు, రెండేళ్ల జీతాలు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంపెనీలు తమ సిస్టమ్‌ల లాగ్‌లు 180 రోజులు దాచాలి, డేటా లీక్ లాంటిది జరిగిందని తెలిస్తే 6 గంటల్లో చెప్పాలి. ఆ రూల్ గుర్తుచేసి మరీ జులై మొదటి నుంచి ఆ యూజర్ పేరుతో జరిగిన లాగిన్లన్నీ అడిగాం. రెండు గంటల తర్వాత పంపారు. మిల్లు ఐపీ తప్ప ఇంకో ఐపీ లేదు, అదీ జులై 5న ఆఖరిసారి. ఊపిరి పీల్చుకున్నాం. మిల్లు యాజమాన్యానికి జరిగినదంతా ఒక పేజీలో రాసి ఇచ్చాను, ఎన్ని ప్రయత్నాలు, ఏ ఐపీకి, ఏ టైమ్‌లో, ఏది బయటకి పోయింది, ఏది పోలేదు. ఇలాంటప్పుడు నోటిమాటతో వదిలేయకూడదు, ఆర్నెల్ల తర్వాత ఎవరైనా అడిగితే జ్ఞాపకం మీద ఆధారపడాల్సి వస్తుంది.

ఆ తర్వాత కొత్త సర్వర్ ఫింగర్‌ప్రింట్ కావాలని వాళ్ల హెల్ప్‌డెస్క్‌కి ఫోన్ చేశాను. అటు కుర్రాడు మర్యాదగానే మాట్లాడాడు. "సార్, ఫస్ట్ టైమ్ అడుగుతుంది, ఎస్ అని కొట్టేయండి, ఏం కాదు" అన్నాడు. కొట్టనన్నాను. కీస్కాన్ అనే కమాండ్ ఉంది కదా, దాంతో తెచ్చుకోండి అన్నాడు. అది నెట్‌వర్క్‌లో అవతల ఎవరుంటే వాళ్ల కీనే తెచ్చిపెడుతుంది, అవతల ఉన్నది మీరేనా అన్నదే కదా నా ప్రశ్న అని చెప్పాను. కాసేపు ఆగి తన పై అధికారి ఒకావిడని కలిపాడు. ఆవిడకి విషయం వెంటనే అర్థమైంది. సర్వర్‌లోకే వెళ్లి, హోస్ట్ పబ్లిక్ కీ ఫైలు మీద కీజెన్ అనే కమాండ్ నడిపి, వచ్చిన ఫింగర్‌ప్రింట్‌ని పోర్టల్‌లో మా ఖాతా టికెట్‌లో పెట్టి, ఫోన్‌లో చదివి కూడా వినిపించారు. 43 అక్షరాలు, చిన్నక్షరం పెద్దక్షరం తేడాతో సహా. నేను ఇటు కీస్కాన్‌తో తెచ్చుకున్నదాని ఫింగర్‌ప్రింట్ తీసి పక్కన పెట్టుకుని వేలు పెట్టి సరిచూసుకున్నాను. కీస్కాన్ వాడటం తప్పు కాదు, తెచ్చుకున్నదాన్ని వేరే దారిలో సరిచూడకపోవడమే తప్పు. పదిహేను నిమిషాలు పట్టింది, అంతే.

మళ్లీ రాసిన స్క్రిప్ట్

మొదటి నిర్ణయం, హోస్ట్స్ ఫైలులోని లైను తీసేశాం. రెండోది, పాస్‌వర్డ్ అసలు వద్దు, కీ జత వాడదాం, మన దగ్గరే ఉండే ప్రైవేట్ కీ ఒకటి, సర్వర్‌కి ఇచ్చే పబ్లిక్ కీ ఒకటి. కారణం ఒక్కటే కాదు. పాస్‌వర్డ్ అంటే రహస్యాన్ని అవతలివాడికి చెప్పేయడం. ప్రైవేట్ కీ మన మెషీన్ దాటి పోదు, సంతకం మాత్రమే పోతుంది, ఆ సంతకం ఆ ఒక్క సెషన్‌కే కట్టి ఉంటుంది, తప్పు సర్వర్ దాన్ని పట్టుకెళ్లి అసలు సర్వర్ దగ్గర వాడలేదు. అయితే ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే కీ పెట్టేశాం ఇక సేఫ్ అని చాలామంది ఆగిపోతారు. కీ కాపాడేది మన గుర్తింపుని. మన ఫైలుని కాపాడేది హోస్ట్ కీ పరీక్ష. తప్పు సర్వర్ మన కీని చూసి సరే రమ్మంటే, ఫైలు సంతోషంగా అక్కడికే పోతుంది. నేను ఎవరో సర్వర్‌కి చెప్పడానికి ముందు సర్వర్ ఎవరో నాకు తెలియాలి, స్క్రిప్ట్‌లో ఆ వరస తప్పకూడదు.

ఈ పనికే ప్రత్యేకంగా ఒక లినక్స్ యూజర్‌ని పెట్టాం, లాగిన్ లేనిది. అతని పేరు మీద ఈడీ25519 రకం కీ జత చేశాం. నోన్ హోస్ట్స్ ఫైలు కూడా ఈ పనికే విడిగా, అందులో సరిచూసిన సర్వర్ లైను ఒక్కటే, ఆ ఫైలుని రూట్ (మెషీన్ మీద పూర్తి అధికారం ఉన్న యూజర్) తప్ప ఎవరూ మార్చలేరు. స్ట్రిక్ట్ హోస్ట్ కీ చెకింగ్‌కి ఎస్. ఓపెన్ఎస్ఎస్‌హెచ్ 7.6 నుంచి యాక్సెప్ట్ న్యూ అని మధ్యేమార్గం ఒకటి ఉంది, కొత్త సర్వర్‌ని ఒప్పుకుంటుంది, మారిన కీని ఒప్పుకోదు. రోజూ కొత్త మెషీన్లు పుట్టే చోట అది పనికొస్తుంది, ఒకే సర్వర్‌తో మాట్లాడే జీతాల స్క్రిప్ట్‌కి అక్కర్లేదు. బ్యాచ్ మోడ్‌కి ఎస్, అంటే ఏ ప్రశ్న వచ్చినా జవాబు కోసం వేలాడకుండా విఫలమై బయటకి రావాలి. ఐడెంటిటీస్ ఓన్లీకి ఎస్, మనం చూపించిన కీ తప్ప ఇంకేదీ సర్వర్‌కి చూపించకూడదు.

కీకి పాస్‌ఫ్రేజ్ (కీని తెరిచే పాస్‌వర్డ్) పెట్టాలా వద్దా అని పెద్దాయన కొడుకు అడిగాడు, అతను ఇంజినీరింగ్ చదువుతున్నాడు, ఆ రోజు ఆసక్తిగా పక్కనే కూర్చున్నాడు. రాత్రి 8కి క్రాన్ లేచినప్పుడు పాస్‌ఫ్రేజ్ టైప్ చేసేవాళ్లు ఉండరు. దాన్ని ఇంకో ఫైలులో రాసి పక్కనే పెడితే తాళం వేసి చెవి గుమ్మానికి తగిలించినట్టే. అందుకే పాస్‌ఫ్రేజ్ లేకుండానే ఉంచి, ఆ కీ దొంగిలించినా పెద్దగా ఉపయోగపడకుండా సర్వర్ వైపు కట్టేయమని పేరోల్ కంపెనీని అడిగాం. ఏ కీలని లోపలికి రానివ్వాలో రాసి ఉండే ఆథరైజ్డ్ కీస్ ఫైలులో మా కీ ముందు రెండు మాటలు చేర్చారు. ఫ్రమ్ అని మిల్లు స్టాటిక్ ఐపీ, ఇంకెక్కడి నుంచి వచ్చినా చెల్లదు. రిస్ట్రిక్ట్, అంటే టెర్మినల్, ఫార్వర్డింగ్ లాంటివేవీ లేవు. సర్వర్ సెట్టింగుల్లో ఇంటర్నల్ ఎస్ఎఫ్‌టీపీ తప్ప ఇంకేదీ నడవకుండా, మా ఫోల్డర్ దాటి పైకి చూడకుండా క్రూట్ పెట్టారు. ఇంకోటి అడిగాం, ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యం: వచ్చిన ఫైలుని ఐదు నిమిషాల్లో లోపలికి తీసుకుని ఆ ఫోల్డర్ ఖాళీ చేయాలి. ఇప్పుడు ఎవరైనా లోపలికి వచ్చినా పాత నెలల జీతాలు అక్కడ ఉండవు.

క్రూట్ దగ్గర వాళ్లకి ఒక పూట పోయింది. లాగిన్ అవుతుంది, వెంటనే కనెక్షన్ తెగిపోతుంది, మా వైపు ఏ కారణమూ కనబడదు. క్రూట్ ఫోల్డర్, దాని పైనున్న ఫోల్డర్లన్నీ రూట్‌వి అయి ఉండాలి, గ్రూపుకి గానీ ఇతరులకి గానీ రాసే హక్కు ఉండకూడదు, రాసుకునేది లోపల ఇంకో సబ్ ఫోల్డర్‌లో. వాళ్లు పై ఫోల్డర్‌నే మా యూజర్‌కి ఇచ్చేశారు. సర్వర్ లాగ్ చూస్తే స్పష్టంగా రాసి ఉంటుంది, క్లయింట్ వైపు నుంచి ఎంత తవ్వినా దొరకదు. మా వైపూ ఒకటి జరిగింది, కీ ఫైలుని కాపీ చేసినప్పుడు పర్మిషన్ 644, అంటే అందరూ చదవగలిగేలా, అయింది, ఓపెన్ఎస్ఎస్‌హెచ్ అలాంటి కీని ముట్టుకోదు, 600, అంటే సొంతదారు ఒక్కరికే, చేశాక నడిచింది. ఇంకా, టెస్ట్ సర్వర్ వాళ్లకి 2222 పోర్టులో ఉంది, నోన్ హోస్ట్స్‌లో పోర్టు 22 కాకపోతే పేరుని చదరపు బ్రాకెట్లలో పెట్టి పక్కన పోర్టు రాయాలి, లేకపోతే కీ సరైనదే అయినా తెలియని సర్వర్ అంటుంది. ఇలాంటి చోటే మనిషికి విసుగొచ్చి చెకింగ్ తీసేద్దాం అనిపిస్తుంది.

పంపే తీరు కూడా మార్చాం. పాత స్క్రిప్ట్‌లో కమాండ్లని ఎస్ఎఫ్‌టీపీకి ఇన్‌పుట్‌గా గుమ్మరించేవాళ్లు, ఎస్ఎస్‌హెచ్‌పాస్ వాడితే బ్యాచ్ ఫైలు పద్ధతి (కమాండ్లన్నీ ఒక ఫైలులో రాసి ఇవ్వడం) నేరుగా కుదరదు కాబట్టి. అలా ఇస్తే ఫైలు పెట్టడం ఫెయిలైనా ఎస్ఎఫ్‌టీపీ తర్వాతి కమాండ్‌కి వెళ్లిపోతుంది, చివరికి అంతా బాగున్నట్టే బయటకి వస్తుంది. బ్యాచ్ ఫైలు ఇస్తే మొదటి తప్పు దగ్గరే ఆగి సున్నా కాని కోడ్ ఇస్తుంది. ఫైలుని ముందు చివర పార్ట్ అనే పేరుతో ఎక్కించి, పూర్తయ్యాకే అసలు పేరుకి రీనేమ్ చేస్తాం, సగం ఎక్కిన ఫైలుని వాళ్లు తీసుకోకుండా. దానితో పాటు షా256 చెక్‌సమ్ (ఫైలు మారలేదని సరిచూసుకునే కోడ్) ఉన్న చిన్న ఫైలు. ఏ కోడ్ తప్పుగా వచ్చినా పెద్దాయన ఫోన్‌కీ నాకూ మెసేజ్, అందులో ఎర్రర్ మొదటి లైను తెలుగులో: కనెక్ట్ అవ్వలేదు, సర్వర్ గుర్తింపు మారింది, కీ ఒప్పుకోలేదు, ఫైలు ఎక్కలేదు. ఏది తప్పో చెప్పని పర్మిషన్ డినైడ్ ఒక్కటే చూసి పాస్‌వర్డ్ మార్చుకున్న రోజు మళ్లీ రాకూడదు కదా. సర్వర్ గుర్తింపు మారితే అరగంటకోసారి మళ్లీ ప్రయత్నించడం కూడా ఉండదు, అక్కడితో ఆగిపోతుంది.

ఫైలునే వాళ్ల పబ్లిక్ కీతో జీపీజీ అనే టూల్ వాడి ఎన్‌క్రిప్ట్ చేసి పంపితే తప్పు సర్వర్‌కి పోయినా తెరవలేరు. అది చేయాలని చాలా పట్టుబట్టాను. వాళ్ల వైపు తెరిచే ఏర్పాటు అప్పటికి లేదు, కొన్ని నెలలకి వచ్చింది, ఇప్పుడు అదీ నడుస్తోంది. ఎఫ్‌టీపీఎస్ (ఎన్‌క్రిప్షన్ చేర్చిన ఎఫ్‌టీపీ) వాడొచ్చు కదా అని కూడా అడిగారు. వాడొచ్చు, సర్టిఫికెట్‌ని సరిగా పరీక్షిస్తే అదీ సురక్షితమే, కానీ డేటాకి వేరే పోర్టులు తెరవాలి, మిల్లు ఫైర్‌వాల్‌తో ఆ గొడవ పడటం కన్నా ఒక్క పోర్టుతో పోయేది మేలనిపించింది.

అంతా అయ్యాక పనిచేస్తోందా అని ఒక్కసారి చూశాను, పనిచేయకూడనప్పుడు ఆగుతోందా అని నాలుగుసార్లు చూశాను. హోస్ట్స్ ఫైలులో మళ్లీ కావాలనే నా సొంత వర్చువల్ మెషీన్ ఐపీ పెట్టాను, ఆ మెషీన్‌లో అదే యూజర్‌ని చేసి, మిల్లు కీని కూడా ఒప్పుకునేలా పెట్టాను. అంటే మనల్ని సాదరంగా ఆహ్వానించే దొంగ సర్వర్. స్క్రిప్ట్ హోస్ట్ కీ దగ్గరే ఆగింది, ఒక్క బైట్ ఫైలు పోలేదు. ఆ మెషీన్ లాగ్ తెరిచి పెద్దాయనకి చూపించాను. నోన్ హోస్ట్స్‌లో ఒక్క అక్షరం మార్చి నడిపితే ఆగింది. ఆ ఫైలునే తీసేసి నడిపితే ఆగింది. వేరే ఇంటర్నెట్ నుంచి అదే కీతో అసలు సర్వర్‌కి వెళ్తే సర్వర్ ఒప్పుకోలేదు. ఈ నాలుగు పరీక్షలూ ఒక కాగితం మీద రాసి కంప్యూటర్ పక్కన అంటించాం, ఎవరు స్క్రిప్ట్ ముట్టుకున్నా ఇవి మళ్లీ చేయాలి.

పేరోల్ కంపెనీతో ఇంకో ఒప్పందం, హోస్ట్ కీ మార్చాలంటే 15 రోజుల ముందు పోర్టల్‌లో చెప్పాలి, ఫలానా మనిషి మెయిల్‌కి కాదు. నోన్ హోస్ట్స్‌లో ఒకే పేరుకి రెండు కీలు ఉండొచ్చు కాబట్టి పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టుకుని, మార్పు అయ్యాక పాతది తీసేయొచ్చు. కీలు అనుకోకుండా కూడా మారతాయి, 2023 మార్చి 24న గిట్‌హబ్ తన ఆర్ఎస్ఏ హోస్ట్ కీని ఒక్కసారిగా మార్చింది, ప్రైవేట్ కీ ఒక పబ్లిక్ రిపాజిటరీలో కాసేపు కనబడిందని. కొత్త ఫింగర్‌ప్రింట్‌ని తమ వెబ్‌సైట్‌లో పెట్టి, అది చూసి సరిచూసుకోండి అన్నారు. పద్ధతి అలా ఉండాలి.

2025 ఫిబ్రవరి 5 రాత్రి 8:01కి నా ఫోన్‌లో మెసేజ్ వచ్చింది, సర్వర్ గుర్తింపు మారింది, ఫైలు పంపలేదు అని. నేను విజయవాడలో ఒక పెళ్లిలో ఉన్నాను. బయటికి వచ్చి ఫోన్ చేసేలోపే పెద్దాయన అవతలి నుంచి చేశారు. "బాబూ, నేను వాళ్ల హెల్ప్‌డెస్క్‌కి చేశాను. డిస్క్ పాడైతే సర్వర్ మళ్లీ కట్టారట, చెప్పడం మర్చిపోయారట. ఎస్ కొట్టమన్నాడు, నేను కొట్టనన్నాను. టికెట్‌లో ఫింగర్‌ప్రింట్ పెట్టించాను, చదవమంటావా?" అన్నారు. చదవమన్నాను. వాళ్ల అబ్బాయి ల్యాప్‌టాప్ ముందేసుకుని, చెక్కిన శాసనం చదివినట్టు ఒక్కో అక్షరం, చిన్న కే, పెద్ద క్యూ, ఏడు, ప్లస్ గుర్తు అంటూ 43 అక్షరాలూ చదివారు. రెండుసార్లు. నేను కొత్త లైను చేర్చి, పాతది తీసేసి, స్క్రిప్ట్ నడిపాను. 9:40కి ఫైలు వెళ్లింది.